గురువారం పాఠం

మర్రిగూడ అవతల రేకుల చర్చి.
నలుపు వెలిసిన బోర్డు మీద
సుద్దతో రాశాను: విమోచన.
దాని కింద, సెమినరీలో బట్టీపట్టిన అర్థం:
వెల చెల్లించి విడిపించుట.

బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లు ముగ్గురే.
ట్రాక్టరు నడిపే గిద్యోను,
ఇంటర్ తప్పిన సలోమి,
నేలనే చూస్తూ నడిచే ఈదమ్మ.

పోయిన వారం జీవజలం దగ్గర చిక్కుకుపోయాను.
తాగితే ఇక దప్పికే ఉండదన్నాను.
ఎవరూ ఊ కొట్టలేదు.
సలోమి పళ్ల మీది గోధుమ రంగు మరకల్ని
పెదవితో కప్పుకుంది.
ఈదమ్మ మోకాలు తడుముకుంటూ
"నీళ్లే గద సారూ మమ్ముల ఒంచింది."
నా నోట్సులో నీళ్లు ఎప్పుడూ మంచివే.
నోట్సు చెప్పిన అయ్యగారు
ఈ ఊరి బోరు నీళ్లు తాగి ఉండరు.

సరే, ఈ వారం విమోచన.
ఉదాహరణకని రోము పట్నపు బానిసల సంతను
రెండు రాత్రులు చదువుకొని వచ్చాను.
గిద్యోను ఆవలించాడు.
ఈదమ్మ మాత్రం, తల ఎత్తకుండా, ఎత్తలేక,
"గట్లనా? మా బక్కయ్యను గట్లనే ఇడిపిచ్చినం."

తొమ్మిది వందల బాకీ. పటేలు ఇంట్ల జీతం.
ఏడేండ్లు పేడ ఎత్తితే
బాకీ పదకొండు వందలైంది.
మిత్తికి నిద్ర ఉండదు గద.
మరదలు కాళ్ల కడియాలు అమ్మింది,
మేకలు రెండు పోయినయ్,
పటేలు కాయితం చింపి గాలికి ఇడిసిండు.
ఏలిముద్ర ఉన్న ముక్కను
ఈదమ్మ ఏరుకొచ్చి కొంగున ముడేసింది.
చీరలు మారినయ్, ముడి మారలే.

"మరి తెల్లారి ఏమైందో ఎరుకేనా సారూ?
కోడి కూయకముందే లేసి
మళ్ల పటేలు కొట్టంకాడికే పొయిండు.
నేను ఉరికి పొయ్యి చెయ్యి వడితే
బిత్తరపొయి జూసిండు.
ఎల చెల్లింది.
కాళ్లకు తెల్వాలె గద."

"ఎన్ని దినాలకు తెలిసింది?" సలోమి.
"ఆ ఏడు జొన్న కోసిందాంక పట్టింది.
నడుమ నడుమ, సచ్చిందాంక."

పరిశుద్ధీకరణ వచ్చే వారం పాఠం.
సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

నీతిమంతునిగా తీర్చబడుట
గిద్యోనుకు రుచించలేదు.
దేవరకొండ కోర్టులో వాడి మీద
బోరు మోటారు దొంగతనం కేసు.
"జడ్జి కొట్టేసిండు సారు, ఊరు కొట్టెయ్యలే.
మీ దేవుడు జడ్జి లెక్కనా, ఊరి లెక్కనా?"
రెండూ కాదన్నాను.
మరేమిటో చెప్పేలోపు కరెంటు పోయింది.
త్రిత్వం గురించి కూడా ఆ చీకట్లోనే చెప్పేశాను,
ముఖాలు కనిపించవన్న ధైర్యంతో.

ఆదివారం.
సిమెంటు తొట్టిలో పైపు తెచ్చిన కృష్ణ నీళ్లు.
పాతిపెట్టినట్టు వెల్లకిలా ముంచి
లేపాలి. నాకు నేర్పిన పద్ధతి అది.
గిద్యోనూ నేనూ చేతులు వేశాం.
ముప్పయ్యేళ్లుగా ఆకాశం చూడని నడుము,
ఒప్పుకోలేదు.
"ఎనకకెందుకు సారూ,
నేను ముందుగాలనే ఒంగి ఉన్న గద."

కొత్త పేరేం పెట్టమంటావన్నాను.
"ఆయనకు నా పేరు తెల్వదా?"

తనే కూర్చుంది.
నాటు వేసే మనిషిలా
నీళ్లలోకి ముఖం వంచింది.
నేను చెయ్యగలిగింది ఏమీ మిగల్లేదు.
తల మీద చెయ్యి ఉంచాను, అంతే.

లేచి, నోట్లోకి పోయిన నీళ్లను
కొంచెంసేపు పుక్కిట పట్టి,
మింగి,
"సప్పగున్నయ్" అంది.

తర్వాత కొంగు ముడి విప్పి చూసుకుంది.
కాయితం నాని పిండైంది.
ఏలిముద్ర ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయింది.

అయినా దాన్ని తొట్టి గోడ మీద పరిచి,
గాలికి పోకుండా చిన్న రాయి పెట్టి,
ఆరబెట్టింది.