డాల్ఫిన్‌కి తారాజువ్వ వెయ్యరు

ఓర్తా రేవు ఎదురుగా, రెండో అంతస్తులో,
వినియోగదారుల తగవులు తీర్చే గదిలో
నా పని టైపు కొట్టడం.
విన్నది విన్నట్టు. దగ్గులు మినహా.

ఇవాళ జుల్మీరా, అరవై ఎనిమిదేళ్ళు,
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి,
బల్ల మీద కరపత్రం పరిచి
నాలుగు మూలలా వేళ్ళతో అదిమి పట్టింది,
గాలికి మాట ఎగిరిపోతుందన్నట్టు.
నీలం మీద పసుపు అక్షరాలు:
"తిమింగలం కనబడడం ఖాయం. లేదా మీ డబ్బు వాపసు."

ఆ వాక్యం చివర ఒక చుక్క గుర్తు.
దాని జంట చుక్క వెనక పేజీలో,
చీమలు బారు కట్టినట్టున్న అక్షరాల ముందు:
డాల్ఫిన్‌దీ అదే వంశం.

పడవ కంపెనీ గస్పార్ మర్యాదస్తుడు.
టై కట్టుకొచ్చాడు. ఫోటోలు తెచ్చాడు.
"ఆ పూట పదకొండు డాల్ఫిన్లమ్మా.
శాస్త్రం ప్రకారం పదకొండు సార్లు మాట నిలబెట్టుకున్నాం.
ఆపైన, సముద్రం మా చేతుల్లో ఉందా?"

లెయోనిల్డె గారు కళ్ళజోడు తీశారు.
తీశారంటే ఎవరికో మూడిందని నాకు తెలుసు.
"చేతుల్లో లేనిదాన్ని
కాగితం మీద ఎలా పెట్టారు?"

టైపు కొట్టాను.

అప్పుడు పక్కన కూర్చున్న ఆమె మొగుడు,
ఎవరిస్తు, అంతసేపూ గోడకేసి చూస్తున్నవాడు,
చూస్తున్నాడనే అనుకున్నాను,
అడక్కుండానే నోరు విప్పాడు.

పద్ధెనిమిదో ఏటి నుంచి ముప్పై దాటేదాకా
కొండ కొమ్మున కాపలా గూట్లో
బైనాక్యులర్లు కళ్ళకి అంటించుకుని కూర్చున్నాడట.
దూరాన నీటి మీద ఊపిరి ఆవిరి లేస్తే చాలు
తారాజువ్వ వెలిగించేవాడు.
కింద ఊళ్ళో మగాళ్ళు తింటున్న కంచాలొదిలి
పడవల్లోకి దూకేవాళ్ళు.
"డాల్ఫిన్‌కి నేనెప్పుడూ జువ్వ వెయ్యలేదు బాబూ.
వేసుంటే మావాళ్ళు
నన్నే దానికి కట్టి వెలిగించేవాళ్ళు."

గస్పార్ కూడా నవ్వేశాడు.
వాళ్ళ తాత ఆ పడవల్లో తెడ్డు వేసినవాడే.

ఉచితంగా ఇంకోసారి తీసుకెళ్తామన్నాడు,
ఎప్పుడంటే అప్పుడు.
జుల్మీరా వద్దని తల ఊపింది.
"అప్పటికి ఎడమ కన్ను కొంచెం ఉండేది.
చంపించడానికి కాకుండా
ఊరికే ఒక్కసారి చూడాలన్నాడు.
ఇప్పుడు పడవెక్కి ఏం చేస్తాడు, ఉప్పు నాకుతాడా?"

దానికి ఫారంలో గడి లేదు.
"ఇతర నష్టాలు" అన్నచోట
డాక్టరు చీటీ నంబరు వేశాను.

తీర్పు: నూట ముప్పై యూరోలు, పదిహేను రోజుల్లో.
బస్సు ఛార్జీలు కూడా.

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు ఎవరిస్తు.
గోడ మీది మా పోస్టరు అంచు చేతికి తగిలింది.
"ఇదేమిటే?" అన్నాడు.
ఆమె చదివి వినిపించింది, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి:
"మీ ఫిర్యాదుకి ముప్పై రోజుల్లో పరిష్కారం."

వాళ్ళు అర్జీ పెట్టింది నిరుడు అక్టోబరులో.
కిటికీలోంచి పడుతున్నది మే నెల ఎండ.

అతను పోస్టరు మీద వేలు జరుపుతూ పోయాడు,
ఎక్కడన్నా చుక్క గుర్తు ఉందేమోనని.