మూడువేలల్లో ఒకటి

ఆదివారం మధ్యాన్నం ఊటుకూరు సంగం నుంచి
సైకిలు మీద కాలనీకి పోతా ఉంటాను.
హ్యాండిలుకి సంచి, సంచిలో బొమ్మల అట్టలు,
బొరుగుల ఉండలు పదహారు,
తలలకి రాసే కొబ్బరినూనె సీసా.
మిషను కుట్టే చెయ్యి నాది, వాక్యం చెప్పే నోరు కాదు.
పాస్టరమ్మకి మోకాళ్ల నొప్పులని
మొదట్లో నన్ను పంపించారు.
ఆ మొదట్లో జరిగి ఏడేళ్లు.

కాలనీ అంటే పేరుకి.
కాలవ కట్ట మీద పదకొండు గుడిసెలు,
ఓటరు లిస్టులో నాలుగు.

ఆ రోజు తప్పిపోయిన గొర్రె కథ.
అట్ట మీద గొర్రెకి దూది అంటించి తీసుకుపోయాను.
నూరు గొర్రెల్లో ఒకటి కనపడకపోతే
తొంభైతొమ్మిదినీ వదిలి కాపరి వెతకబోయాడు అన్నాను.
ఏకొల్లు పోలయ్య కొడుకు చిన్నంకయ్య చెయ్యెత్తాడు.
వయసెంతో తెలీదు. పెద్ద తుపానప్పుడు
కడుపులో ఉండాడని వాళ్లమ్మ లెక్క.

“టీచరమ్మా, నూరేంది?
మా అన్న కాసేది మూడువేల బాతులు.
ఒకటి తగ్గితే జీతంలో పట్టుకుంటారు.
ఆ కాపరికి ఎంత పట్టుకున్నారు?”

పిల్లకాయలంతా నా మొహం చూశారు.
జవాబు లేక
ఉండలు పంచాను.

కోత మిషన్లు వెళ్లిపోయాక
కయ్యల్లో రాలిన గింజకి బాతులు దిగే కాలం వచ్చింది.
ఆ ఆదివారం ఉండల్లో ఒకటి మిగిలింది.

“చిన్నంకయ్య ఏడి?”
వాళ్లమ్మ మావు అల్లుకుంటా తలెత్తలేదు.
“పనికి పోయినాడు మా.”
“ఏం పని?”
“ఎనిమిదివేలు తీసుకున్నాం. ఆయనకి ఆసుపత్రి.”
ఆమెని ఏమనగలను,
ఆ ఎనిమిదివేలు నేను ఇచ్చానా.

తర్వాతి వారం మట్టల ఆదివారం.
సంగంలో పిల్లకాయల్ని వరసలు కట్టించేది నేనే.
ఈతమట్టలు ఎవరి చేతుల్లోనో పెట్టి సైకిలెక్కాను.
ఎవరికీ చెప్పలేదు.
చెబితే ముందు ప్రార్థన చేద్దాం అనేవాళ్లు.

విడవలూరు. రామతీర్థం దారి. ఇంకా తూర్పుకి.
“బాతులోళ్లా? నిన్న ఆ పక్క” అని చేత్తో చూపించారు.
కొయ్యకాళ్ల మధ్య తెల్లటి ఈకలు,
అవే అడ్రసు.

పొద్దు వాలాక ఒక వల దడి కనపడింది,
దాని పక్కన టార్పాలిను, ఒక పిల్లోడు.
పరిగెత్తాను. చెప్పు బురదలో ఉండిపోయింది.
తిరిగి చూశాడు.
అంకయ్య కాడు.

వేళ్ల సందులు పాచిపోయి ఉన్నాయి.
చేతిలో కర్ర, కర్రకి పాలిథిన్ కవరు జెండా.
పేరడిగాను.
“బాతులోడు.”
అది కాదబ్బయ్యా, అమ్మ పిలిచే పేరు.
చాలాసేపు ఆలోచించాడు,
తాళంచెవి ఎక్కడ పెట్టామో ఆలోచిస్తామే, అట్లా.
“మస్తానయ్య.”

ఎవరి కోసం వచ్చావని అడగలేదు.
తన కోసం కాదని ముందే తెలిసినట్టు నిలబడ్డాడు.
నా కథ అక్కడ ఆగిపోయింది.
వెతకబోయిన కాపరికి దారిలో
ఇంకో మంద గొర్రె ఎదురైతే ఏం చేశాడో
నాకెవరూ చెప్పలేదు.

అంకయ్యకి దాచిన ఉండ తీసి ఇచ్చాను.
సగం విరిచి జేబులో వేసుకున్నాడు.
“రేపో ఎల్లుండో వాళ్ల మంద ఈ పక్కకే వస్తాది.
వాడికిస్తా.”

సోమవారం నెల్లూరు, లేబరాఫీసు.
కాగితంలో ఒక పేరు రాయబోయి రెండు రాశాను.
పుట్టినతేదీ ఖాళీ. రెండోవాడికి ఇంటిపేరూ ఖాళీ.
“మీరేమవుతారు వీళ్లకి?” అన్నాడు గుమాస్తా.
టీచరంటే సర్టిఫికెట్ అడుగుతాడని ఊరుకున్నాను.
“ఇట్లాంటి పిల్లకాయలు ఎంతమంది ఉంటారు ఆ పక్క?”
తెలీదండీ.
బాతులకైతే లెక్కుంది.

ఈ వారం ఉండలు పదిహేడు చుట్టాను.
పాకం కొద్దిగా ముదిరింది.