తెల్ల మరక

రాత్రి రెండింటికి రొయ్యల చెరువు గట్టు మీద
షావుకారి అల్లుడు ఓ గొట్టం నా చేతికిచ్చాడు.
అలాంటిదే ఇంకోటి అతని తుపాకీ మీద ఉంది.
"చూడు పోలయ్యా, అదేంటో చెప్పు."

చల్లనిదంతా నలుపు, వెచ్చనిదంతా తెలుపు.
మడచెట్ల మొదట్లో
పేరు లేని ఉడుకొకటి కదులుతోంది.

నక్కయితే ఆగి ఆగి నడుస్తుంది.
నీటికుక్కలు ఒంటిగా రావు.
బావురుపిల్లి నీటి అంచున
బాకీ వసూలుకొచ్చినోడిలా కదలకుండా కూచుంటుంది,
చేప లేచేదాకా.

ఇది వంగింది. బురద తవ్వుతోంది.
"పందే," అన్నాడతను, వేలు బిగిస్తూ.
"ఉండండి బాబూ."
ఏరు పాటు మీదుంది. పీతల బొరియలు తేలే వేళ.

అది చెయ్యెత్తింది.
మణికట్టుతో
మొహం మీది జుట్టు వెనక్కి తోసుకుంది,
వేళ్లకి బురద కదా.

"మసేనమ్మండీ. మా పేటే."

"మరి మనిషిలా లేదే!"

నేనేం అనలేదు.
గొట్టం అతనికేసి తిప్పాను.
ఓ తెల్ల మరక,
దాని చివర
ఇంకా మీట మీదే ఉన్న వేలు.

దించాక నా కుడికన్ను గుడ్డిది కాసేపు.
ఎడమకంటికి మాత్రం
చుక్కలు, మడలు, ఆమె దగ్గు.