మూగ లోహం

బుడితిలో కంచుగిన్నెల కొలిమి పక్కన
సన్యాసాచారి ఒళ్లో
నీళ్లడగని బండి తల.
అరవై ఏళ్లుగా గాలి తాగే బతికింది.

మేకుతో ఒక్కసారి తట్టాడు.
"గొంతు పోనాదిరా దీనికి."
ప్లగ్గుకీ వాల్వుకీ నడుమ
నా కంటికి ఆనని ఎంట్రుకంత బీట.

"కొత్తది పోద్దాం. రెక్కలు ఇంకో రెండేద్దాం,
ఎండలు మునపట్లా నేవు."

మైనం రెక్కలు, పుట్టమన్ను పూత,
మూసలో ఎవరెవరివో పాత పిస్టన్లు.
మొదటి పోత మూడో రెక్క దగ్గరే ఆగిపోయింది.
పగలగొట్టి మళ్లీ మూసలోకే.
రెండోదాన్ని తట్టి ముఖం చిట్లించాడు:
"అల్యూమినం మూగది. ఎంత బాగా పోసినా
కంచులా మోగదు."

శ్రీకాకుళంలో నా లేతు దగ్గర
తలని కిరసనాయిలు స్టౌ మీద కాచి,
పార్వతీశం సోడాకొట్టు ఐసులో
రాత్రంతా వణికిన వాల్వు సీట్లని
ఊపిరి బిగబట్టి దించాను.
టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే.

కళింగపట్నం రోడ్డు. డెబ్బై. ఎనభై.
ఈ బండికి ఇంజను వెనకాలే కదా,
ఆచారి వెనకసీటుకి చెవి ఆనించి కూర్చున్నాడు.

"అదిగో సముద్రం" అన్నాను.

"ఉండరా," అన్నాడు,
"మూగది ఏటో సెప్తంది."