భుజం మార్చుకోడు

బ్రాడీపేట నాలుగో లైన్లో
జెరాక్స్ షాపు మీద, ఇనప మెట్లెక్కితే
మా పార్లరు. ఆరు స్క్రీన్లు, ఒక కూలరు,
గంటకి నలభై.
వచ్చిన ప్రతివాడూ కుర్చీ లాక్కుంటూ అడుగుతాడు:
"ఎట్టా ఉందక్కా, కొత్త గేమ్?"

దాని పేరు పొడుగు, ఎవరికీ నోరు తిరగదు.
ఎర్ర గ్రహం అంటారంతా.

బాగుంది, అంటాను.
తుపాకీ పేలిందంటే మణికట్టు దాకా తెలుస్తుంది.
ఆకాశంలో రెండు చందమామలు,
ఒకటి కొరికి వదిలేసిన జాంకాయలా.
మూడో లెవెల్లో లిఫ్టు దిగుతుంటే
పైనుంచి ఇనప సాలీళ్ళు రాలతాయి చూడు,
ఆ నాలుగు నిమిషాల్లో కరెంటు పోతే
సొంత మనిషి పోయినట్టు అరుస్తారు.

బాగాలేనిదీ చెబుతాను,
నలభై రూపాయలంటే నలభై రూపాయలే.
కథ అరిగిపోయింది. శాస్త్రవేత్తే ద్రోహి అని
మొదటి సీన్లో ఆయన గడ్డం చూస్తేనే తెలిసిపోతుంది.
తోడొచ్చే రోబోకి వచ్చిందొకటే మాట: "నీ వెనకే ఉన్నా."
గోడలో ఇరుక్కున్నా అదే, చచ్చినా అదే.
వాన కురుస్తుంది, నేల తడవదు.
పడ్డ శత్రువు మూడు లెక్కపెట్టేలోగా మాయం.
ఎవరూ ఊడవక్కర్లేదు, ఎవరూ ఏడవక్కర్లేదు.
అదే సుఖం అంటారు కుర్రాళ్ళు.
నాకెందుకో అదే లోపం.

ఇదీ నా తీర్పు,
మార్చిలో నాగుల్ మీరా వచ్చేదాకా.

మిర్చి యార్డులో హమాలీ.
మెట్ల మీద ఘాటు ముందొస్తుంది, మనిషి వెనక.
ఆరో స్క్రీను కుర్రాడు తుమ్ముతాడు.
చేతులు కడుక్కో అంటాను,
కడుక్కునే వచ్చానక్కా అంటాడు.
అతని తర్వాత ఆ బటన్లు నొక్కినవాడు
కన్ను నులుముకుంటే గొడవ నాకు.
అందుకని ఒక కంట్రోలరుకి ఎర్ర టేపు చుట్టి
అతనికే ఉంచేశాను.

మొదటి రోజు ఆ నేల చూసి నవ్వాడు.
"ఇంత దుమ్ము లేస్తంటే ఒక్కడూ దగ్గడేంది?"
తర్వాత చాలాసేపు హీరో వీపు చూశాడు.
"తొమ్మిది తుపాకులక్కా. తూటాలు వేరే.
పరిగెత్తుతాడు, దూకుతాడు, గోడలెక్కుతాడు.
ఒక్కసారి కూడా భుజం మార్చుకోడు.
ఈడు పుట్టాక ఏదీ మొయ్యలా."

మూడు నెలలుగా చూస్తున్నాను ఆ వీపుని.
నాకు తట్టలేదు.

అయినా రోజూ వస్తాడు. గంటే.
కొత్త లెవెల్ వద్దంటాడు, ఏడోదే పెట్టమంటాడు,
ఓడలో బరువన్నది లేకుండా పోయే చోటు.
అది ఎవరికీ నచ్చదు. నత్తనడక అని,
గురి కుదరదని, తల తిరుగుతుందని తిడతారు.
నేనూ లోపాల్లోనే వేసుకున్నాను.

అతను కాల్చడు.
సరుకు గదిలోకి పోతాడు.
అక్కడ పెట్టెలుంటాయి, ఒక్కోటీ యార్డులో టిక్కీ అంత.
ఒకదాన్ని వేలితో తోస్తాడు.
అది లేచి, మెల్లగా తిరుగుతూ,
పైకప్పుకి తగిలి, మళ్ళీ తిరుగుతూ.
ఇంకోదాన్ని.
ఇంకోదాన్ని.
గదినిండా బరువులు తేలుతుంటే
మధ్యలో తనూ తేలుతూ ఊరికే ఉంటాడు.
"నీ వెనకే ఉన్నా," అంటుంది రోబో.
"ఉండు," అంటాడు, పక్క ముఠావాడితో అన్నట్టు.

శత్రువులొస్తారు, చంపేసిపోతారు.
మళ్ళీ మొదలుపెడతాడు.

నిన్న డబ్బులిచ్చి, మెట్ల దగ్గర ఆగి,
ఎడమ చేత్తో కుడి భుజం నొక్కుకుంటూ అన్నాడు:
"అక్కా, ఒక తప్పుంది దాన్లో.
పెట్టె తోసినప్పుడు చేతికి ఏం తెలియట్లా.
రవ్వంతైనా తెలియాలి."

ఎవరికి చెప్పను ఈ మాట,
ఏ దేశంలో, ఏ కుర్చీలో కూర్చుని చేశారో దాన్ని.
ఎర్ర టేపు కంట్రోలరు తుడుస్తూ
మరిచిపోయి కన్ను నులుముకున్నాను.
ఎవరో కుర్చీ లాక్కుంటున్నారు,
"ఎట్టా ఉందక్కా..."

ఆగు.
ముందు ఆ నీళ్ళ చెంబు ఇటివ్వు.