కారణం తర్వాతి పుటలో

గుణుపురంలో మా కొట్టుకి
పాత పుస్తకాలు తూకానికొస్తాయి.
గైడ్లు, ఓటర్ల జాబితాలు,
ఎవరో సగం రాసి మానేసిన డైరీలు.
మందం కాగితమైతే పొట్లం విప్పుకోదు.

అట్ట ఊడిన ఆ ఒడియా లెక్కల పుస్తకాన్ని
చింపుతున్నది నేనే.
మెంతులకొకటి, వాముకొకటి.
వంశధార మీంచి వాన దిగి
బేరాలు లేని మధ్యాహ్నం
చేతిలో ఉన్న పుటని ఊరికే చదివాను.

ఏ సంఖ్యైనా తీసుకో, దాని అంకెలు కలుపు,
రెండింటినీ తొమ్మిదితో భాగించు,
మిగిలేది ఒక్కటే, అంటోంది.

ఇది నాకు తెలుసు!
రాత్రిళ్ళు చిట్టా సరిచూస్తూ
కూడిక మీద వేలు పెట్టి
"తొమ్మిదులు తోసీయే గుంటా" అనీవోడు నాన్న.
ఎందుకంటే
"మా అయ్యా అలాగే తోసీవోడు."
అదే జవాబు, అంతే జవాబు.

నలభై రెండో పుట అడుగున ఒక్క ముక్క:
కారణ పర పృష్ఠారె.
కారణం తర్వాతి పుటలో.
తిప్పితే నలభై అయిదు.

మెంతులు కొన్న బిసోయి గారి కోడలు
పొయ్యి రాజేసుకుందట.
వాము పట్టికెళ్ళిన కంపౌండరు
పొట్లం విప్పిన చోటే పారేశాడట, రైల్లో.
నా కారణం బూడిదైనా అయ్యుండాలి,
నౌపడా దాకా టిక్కెట్టు లేకుండా
ప్రయాణమైనా చేసుండాలి.

పుస్తకం గల్లాపెట్టె కిందకి చేరింది.
చదవడం ఒడియాలో,
ఆలోచన తెలుగులో,
కూడిక మాత్రం ఇప్పటికీ నాన్న గొంతుతో.
కొన్ని పుటలు నాలుగేసి రోజులు పట్టాయి.
కథల పుస్తకమైతే ఒక పేజీ పోయినా
ఏదోలా ముందుకి పోతాం.
ఇక్కడ కుదరలేదు.

ఓ రాత్రి అగ్గిపెట్టెల సరుకు దించుతున్నాను.
ప్యాకెట్టుకి పది.
ఒకటి తీసి పక్కన పెట్టాను, తొమ్మిది మిగిలాయి.
ఇంకో ప్యాకెట్టు, ఇంకో పెట్టె, మళ్ళీ తొమ్మిది.
వంద పెట్టెల కట్టలోంచి ఒకటి తీస్తే
తొంభై తొమ్మిది, అవీ తొమ్మిదులే.
కట్టకొకటి, ప్యాకెట్టుకొకటి, విడివి ఎన్నుంటే అన్ని...
అలా పక్కన పోగయినవే కదా అంకెల మొత్తం!
సరుకు మధ్యలో చతికిలబడ్డాను.
నాన్న ముప్పయ్యేళ్ళు తోసిన తొమ్మిదులన్నీ
ఎక్కడికి పోయాయో
కళ్ళారా చూశాను.
చెబుదామంటే తమ్ముడు నిద్రపోతున్నాడు.
చిట్టాలోంచి తెల్లకాగితం చింపి అంతా రాసి
మూలన 43, వెనక్కి తిప్పి 44 వేసి
చోటులో పెట్టాను.

కథ అక్కడితో అయిపోవాలి.
సంతరోజు సొంబారి వచ్చింది,
కొండమీది సవర ముసలమ్మ, బుట్టలో అనాసలు.
తన భాషలోనే లెక్కపెడుతుంది.
పన్నెండుకి మిగ్గల్.
తర్వాత మిగ్గల్ మీద ఒకటి, మిగ్గల్ మీద రెండు.
పదమూడుకి వేరే పేరు లేదు.

నా చేతిలో అనాస ముల్లు గుచ్చుకున్నా తెలీలేదు.
ఈవిడ కట్టకి పన్నెండు!
ఒకటి తీస్తే పదకొండు.
ఈవిడ చిట్టా రాస్తే
తోసెయ్యాల్సింది తొమ్మిదులు కాదు,
పదకొండులు.

పొంగిపోతుండగానే
ఇరవై దగ్గర మాట మార్చేసింది.
మిగ్గల్ వదిలేసి కొత్త పేరు,
అక్కణ్ణించి ఇరవైలు.
ఒకే బుట్టలో రెండు కట్టలా?
అప్పుడేది తోసెయ్యాలి?
"ఏటి సూస్తన్నావు, డబ్బులియ్యి" అంది సొంబారి.
ఇచ్చాను. ఓ పది ఎక్కువే ఇచ్చుంటాను.

నలభై అయిదో పుట అంచున పెన్సిలుతో రాసుకున్నాను:
ఇరవై దగ్గర ఏమవుతుంది?
పుస్తకం చివరిదాకా వెతికాను, లేదు.
దానికి పర పృష్ఠ అచ్చే కాలేదేమో.

మెంతులకి ఇప్పుడు కవర్లు వాడుతున్నాను.
దండగ, అంటాడు తమ్ముడు.