పన్నెండో గడి

నా పేరు నర్సింగు.
తాత గుట్టకు మొక్కి పెట్టిన పేరు,
కోర్సు తర్వాత దొరికింది.
హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీల ఒక నవ్వు.
మొదటి ఏడంత నవ్విన్రు,
రెండో ఏటికి వాళ్ళే అలిసిపొయిన్రు.

డిగ్రీకి ఏమేం గావాలో
గోడకు అంటించిన కాగితం మీదుంటది:
పాఠాలకు నూటికి ఎనభై దినాలు చాలు,
వార్డుకు నూటికి నూరు.
నానమ్మ పోయిన రెండు దినాలు నేను అప్పు పడ్డ.
బోనాల ఆదివారం నాడు సగం తీర్చిన.
కిటికీ అవతల శాలిబండ దిక్కు నుంచి డప్పులు,
ఇవతల ముప్పై రెండు మంచాలు,
మూలలు ఏటవాలుగ మడిచిన దుప్పట్లు.
తొడ విరిగిన ఒక ముసలాయన మాత్రం
మంచం కడ్డీ మీద వేళ్ళతోని దరువేస్తుండె.

ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఇస్తరు.
సూదులు, సెలైన్లు, ముక్కుల గొట్టాలు,
పుండు కట్లు, పసిపిల్లల తూకాలు,
ప్రతి పనికి గడి, గడిల తారీఖు,
తారీఖు పక్కన రాహేలు మేడం పొట్టి సంతకం.
అన్ని పేజీలు నిండినయి, కాన్పుల పేజీ తప్ప.
ఇరవై గావాలె.
పదకొండు.

మా బ్యాచి ఆడపిల్లలకు ఎప్పుడో అయిపొయినయి.
నేను తలుపు అవతల స్టూలు మీద.
"అన్నా, నువ్వు బయటుండు" అంటది ఒకామె.
"మొగపిల్లగాడా? వద్దు బిడ్డా" అంటది ఇంకొకామె అత్త.
వద్దనే హక్కు వాళ్ళది.
పరీక్షల రాసిన కూడ, రెండు మార్కుల ప్రశ్న.

అమ్మ బేగంబజార్ల మిరపకాయల తొడిమెలు తీస్తది.
రాత్రిపూట వేళ్ళు నూనె గిన్నెల ముంచి
"డాక్టరు గాదు, కాంపౌండరు గాదు,
మరేందిరా నువ్వు?" అంటది.
"ఇరవై కానియ్, చెప్త."

మొన్న రాత్రి రెండున్నరకు
జల్‌పల్లి నుంచి బాలమణి.
తోడొచ్చిన వదినె ఆధార్ కార్డు మరిచిందని మళ్ళ ఆటో ఎక్కింది.
నన్ను నాడి చూడమన్నరు.
చూసిన, తొంభై ఎనిమిది.
రాసుకుందామని చెయ్యి గుంజుకుంటే రాలేదు.
"ఓ అవ్వా" అన్నది నన్ను.
నొప్పి తగ్గినంక కండ్లు తెరిచింది,
అవ్వ గాదని తెలిసింది,
అయినా ఇడువలే.
మూడున్నర. నాలుగు. నాలుగున్నర.
గాలి పీల్చు, మెల్లగ ఇడువు,
ఆమెకు చెప్తున్ననో నాకు చెప్పుకుంటున్ననో.
అయిదుంబావుకు అవతలి కొసన
సుహాసిని చేతులల్లకు జారింది ఆడపిల్ల,
రెండు కిలోల ఏడు వందలు.
నేను తల దిక్కున ఉండె,
ఏడుపు విన్న, పిల్లను చూసింది ఆఖరుకు.

పొద్దుగాల పుస్తకం తెరిచి మేడం ముంగట పెట్టిన.
పన్నెండో గడి మీద పెన్ను ఆగింది.
"నువ్వు పట్టుకున్నదేంది?"
"చెయ్యి."
"ఎవరిది?"
"తల్లిది."
పెన్నుకు మూత పెట్టింది.
"మరి కాన్పు చేసినవని ఎట్ల రాయాలె, నర్సింగూ?"

నిజమే.
రేపు ఏ మూలనో నేనొక్కన్నే ఉన్ననాడు
చెయ్యి పట్టుకునుడు వస్తే సరిపోదు.
తల ఎట్ల దిరుగుతదో, భుజం ఎప్పుడు జారుతదో,
నెత్తురు ఎంత పోయిందో చూపుతోనే కొలవాలె.
కోపం రాలేదంటే అబద్ధం,
మెట్లు దిగేదాక ఉండె.

నల్లా కాడ చేతులు కడిగిన వరుస తప్పకుంట,
అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు,
మణికట్టు కాడ సబ్బు మండింది.
నాలుగు గోర్ల గాట్లు.
ఇంటికి పోయి అమ్మ నూనె గిన్నె అడిగిన,
ఎందుకని ఆమె అడుగలే.

ఇంక తొమ్మిది.
ఈ రాత్రి మళ్ళ డ్యూటీ రాయించుకున్న.
స్టూలు తలుపుకు కొంచెం దగ్గరికి జరిపిన.